పరీక్షకే పరీక్ష పెట్టిన రాజారత్నం మాస్టారు

ప్రశ్నల కాగితం కనబడితే చాలు, రాజారత్నం మాస్టారికి ఒళ్ళు మండిపోతుంది. నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళు సైకాలజీ పాఠాలు చెప్పిందీ ఆయనే, సర్వేకి వచ్చినవాణ్ణి వీధి చివరిదాకా తరిమిందీ ఆయనే.

పళ్ళ డాక్టరు దగ్గరా అదే రగడ.

"నొప్పి పదికి ఎంతుందండీ?"

"నీ పదికా, నా పదికా?"

"ఊరికే ఒక నంబరు చెప్పండి సార్."

"ఊరికే చెప్పేదాన్ని రాసుకునేది ఎందుకంట?"

ఆ పన్ను ఇప్పటికీ ఆయన నోట్లోనే ఉంది.

ఆయన శిష్యురాలు ఝాన్సీలక్ష్మి ఒక ప్రైవేటు బడిలో కౌన్సెలర్. మొన్న జూన్‌లో మాస్టారు ఆమె గదిలోకి దూసుకొచ్చారు. వెనకాలే ఆయన స్కూటరు బాగుచేసే మెకానిక్ నూర్ మొహమ్మద్, అతని మనవరాలు ఆసియా. ఒకటో తరగతిలో చేర్చుకోటానికి పెట్టిన పరీక్షలో పిల్ల తప్పింది. తెలివి చాలదు, చేర్చుకోలేమని రాసి సంతకం పెట్టింది ఝాన్సీయే.

"ఏందమ్మాయ్ ఇది?"

"కలిసేవి ఒకచోట పెట్టమన్నాం సార్. పనిముట్లన్నీ ఒకవైపు పెట్టాలి. ఈ పిల్ల పానా బొమ్మని సైకిలు పక్కన, సూదిని చొక్కా పక్కన పెట్టింది. సున్నా." ఝాన్సీకీ మండింది. "మీకు నచ్చిన పరీక్షంటూ ఉందా సార్? దీన్ని అన్ని దేశాల్లోనూ వాడతారు!"

"అదే గదా నా ఏడుపు! క్లాసులో నిద్రపోయావా? మొదట్లో దొరలు ఓడలెక్కి దీవులకి పోయి అక్కడోళ్ళ చూపూ వినికిడీ కొలిచారు. తర్వాత తెలివి కొలిచే పరీక్షలు దేశదేశాలకీ మోశారు. తప్పినోళ్ళకి తెలివి లేదని రాశారు. తప్పు మనిషిదా, ప్రశ్నదా అని అడగటానికి చానా ఏళ్ళు పట్టింది. ఆ అడగటం మీదేనమ్మా మన శాస్త్రం నిలబడింది!"

ఆయన బల్ల మీదున్న ఆ పరీక్ష బొమ్మల్ని ఆసియా ముందుకి జరిపి, ఆమె వైపు వంగారు. "అమ్మలూ, ఇయ్యన్నీ కొట్లో అమ్మకానికి పెట్టాలంటే ఎట్టా సర్దుతావు?"

పిల్ల చకచకా పనిముట్లన్నీ ఒకవైపు చేర్చేసింది. "అమ్మటానికైతే ఇట్టా. పని చెయ్యటానికైతే అట్టా. మా దాదా షెడ్డులో అట్టానే పెడతాం."

ఝాన్సీ కోపం ఆ పరీక్ష మీదికీ, తన సంతకం మీదికీ మళ్ళింది. కాగితం పరపరా చించి, కొత్తదాంట్లో చేర్చుకోవచ్చని రాసింది. అయినా ఉక్రోషం ఆగలేదు.

"దీనికి నన్నంత తిట్టాలా సార్?"

"నిన్ను కాదమ్మా." మాస్టారి గొంతు తగ్గింది. "నలభై ఏళ్ళ కింద వెల్దుర్తి బళ్ళో నేనూ ఇట్టాంటి పరీక్షే పెట్టా. ఒక పిల్లోడికి తెలివి లేదని రాసిచ్చా. వాళ్ళ నాయన బడి మానిపించి షెడ్డులో పెట్టాడు."

"ఎవరు సార్ ఆ పిల్లవాడు?"

మాస్టారు నూర్ మొహమ్మద్ మొహం చూడలేక గోడకేసి చూశారు. అతను పకపకా నవ్వాడు.

"నాకెప్పుడో తెలుసు సారూ. ఆ కాగితం మా అబ్బా దాచాడు, కింద మీ సంతకమే. అయినా నేను పాసైతే మీ డొక్కు స్కూటరు ఎవురు బాగుచేసేవోళ్ళు?"

"నవ్వుతావేందిరా? తిట్టు నన్ను!"

"తీరిగ్గా తిడతాలే సారూ. ముందు పిల్లని క్లాసులో కూర్చోబెడదాం పదండి" అంటూ అతను ఆసియా చెయ్యి తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.