నా తలకు దెబ్బ, మా ఆయనకు శాలువా

మా ఇంట్లో హెల్మెట్ ఒక్కటే ఉండేది. అది మా ఆయన తలకు సరిపోయేది. బండి నడిపేది ఆయనే కాబట్టి, వెనక కూర్చునే మనిషికి కూడా ఒక తల ఉంటుందన్న ఆలోచన మా ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు. ఆ సాయంత్రం బెంజ్ సర్కిల్ దాటి పటమట వైపు వస్తుంటే, ఎవరో చెయ్యి ఎత్తారని ముందు పోతున్న ఆటో నడిరోడ్డు మీద టక్కున ఆగింది. మా ఆయన బ్రేకు వేశారు. ఒక పక్కకి తిరిగి, ఒళ్లో కూరగాయల సంచి పెట్టుకుని కూర్చున్న నేను ఎగిరి డివైడర్ మీద పడ్డాను. ఆయన మోకాలు గీరుకుపోయింది. హెల్మెట్ మీద చిన్న గీత కూడా పడలేదు.

ఇదంతా తరవాత విన్నదే. నాకు గుర్తున్నది దొర్లిపోతున్న టమాటాలు, ఆ తరవాత ఆసుపత్రి సీలింగు. మధ్యలో నా తల ఎడమవైపు తెరిచి, మెదడు మీద గడ్డకట్టిన రక్తం తీసేశారట. మళ్లీ మూశారు కూడా. నేను ఉయ్యూరు హైస్కూల్లో తెలుగు టీచర్ని. నోరున్న మనిషినని బడిలో, అపార్టుమెంటులో, అత్తవారి వైపు కూడా పేరుంది. అలాంటి నా దగ్గరికి వంగి మా ఆయన, "నేనెవరో గుర్తుపట్టావా?" అని అడిగారు.

గుర్తుపట్టకేం? లక్షణంగా గుర్తుపట్టాను. "మీరే కదండీ" అందామని నోరు తెరిస్తే, "హెడ్మాస్టరు గారు" అని వచ్చింది.

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పక్కనున్న నర్సు, "ఏం పర్లేదు సార్, కాస్త దగ్గర్లోనే చెప్పారు" అని ధైర్యం చెప్పింది.

మాటలు ఎక్కడికీ పోలేదని, లోపలే ఉన్నాయని, పైకొచ్చేటప్పుడు దారి తప్పుతున్నాయని డాక్టరు గారు వివరించారు. "పూర్తిగా తగ్గుతుందాండీ?" అని మా ఆయన ఎన్నిసార్లు అడిగినా, "చూద్దాం" అనేవారు. ఆయన అంత చదువు చదివి 'చూద్దాం' అంటుంటే, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన చుట్టాలు మాత్రం, "ఏం భయం లేదు, నెల తిరిగేసరికి పరుగెడుతుంది" అని తేల్చి చెప్పి బత్తాయిలు పెట్టి వెళ్లేవారు.

ఇంటికి వచ్చాక పరామర్శలు మొదలయ్యాయి. దెబ్బ తలకు తగిలితే చెవులకు ఏమవుతుందో నాకు తెలియదు కానీ, వచ్చినవాళ్లంతా కాలవ అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పిలిచినట్టు అరిచేవారు. "అమ్మాయ్! నేనెవర్నీ? చెప్పు చూద్దాం!" అని మా చిన్నత్తగారు వేలు పెట్టి తన గుండెల మీద పొడుచుకుంటుంటే, పేరు నోట్లోకి వచ్చేది కాదు, తప్పు పేర్లు మాత్రం వరస కట్టేవి. ఒకరు బాదంపప్పు నానబెట్టి పెట్టమనేవారు. మరొకరు వేడి చేస్తుంది, బాదం పెట్టొద్దనేవారు. సరస్వతీ ఆకు మాత్రం అందరూ తెచ్చారు. మా వంటింట్లో మేకను కట్టేసినా సరిపోయేంత ఆకు పోగయింది.

ఈ హడావిడిలో మా ఆయన కాఫీ పెట్టడం నేర్చుకున్నారు. ఊరంతా దాన్ని చూడ్డానికే వచ్చినట్టయింది.

"అయ్యో, అన్నయ్యగారే పెట్టారా కాఫీ!"

"ఉప్మా కూడా ఆయనేనటే!"

"ఏ జన్మలో ఏం పుణ్యం చేసుకున్నావో గానీ, ఇలాంటి మొగుడు దొరికాడు నీకు."

మా అత్తగారికి తుంటి ఎముక విరిగి మంచాన పడినప్పుడు, పోయేవరకూ ఆవిడకి అన్నీ నేనే చేశాను, రోజూ ఉయ్యూరు బస్సెక్కి బడికి పోయి వస్తూ. అప్పుడూ ఈ చుట్టాలే వచ్చారు. ఇలాంటి కోడలు దొరకడానికి ఏం పుణ్యం చేసుకున్నారని ఆవిడని ఎవరూ అడిగినట్టు గుర్తులేదు. కాఫీలో పంచదార ఎక్కువైందని ఒకావిడ అన్నట్టు మాత్రం గుర్తుంది. దెబ్బ తగిలాక ఏవేవో మరిచిపోయాను, ఇది మాత్రం పోలేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు. మా ఆయన నిజంగానే చేశారు. కుట్లు ఎండేదాకా నా సగం గుండు చుట్టూ దూది తడిపి తుడిచేవారు. నేను స్నానానికి వెళ్తే గడియ వేసుకోనిచ్చేవారు కాదు. తలుపు బయట పీట వేసుకుని కూర్చుని, నేను లోపల పడిపోలేదని తెలియడానికి ఆఫీసు కబుర్లు చెబుతూ, మధ్యమధ్య "వింటున్నావా?" అని అడిగేవారు. నేను చెంబుతో బకెట్ మీద కొట్టేదాన్ని. ఆ పీటని ఇప్పటికీ అక్కణ్నుంచి నేను తియ్యనివ్వను. కానీ పదిమంది చుట్టూ కూర్చుని, "చెప్పవే, ఆయనకి థాంక్స్ చెప్పు" అని చంటిపిల్ల చేత దండం పెట్టించినట్టు చెప్పించబోతే, గొంతు దాకా వచ్చింది కూడా వెనక్కి పోయేది.

అంతకన్నా పెద్ద కష్టం ఇంకోటి. నేనేమన్నా అందరూ ఒప్పుకునేవారు. మంచినీళ్లు అడగబోయి "గొడుగు ఇవ్వండి" అంటే "అలాగేనమ్మా" అనేవారు. గొడుగూ ఇచ్చేవారు కాదు, నీళ్లూ ఇచ్చేవారు కాదు, జాలిగా చూసేవారు. ఒకసారి మా స్కూలు టీచర్లు వచ్చినప్పుడు వానలు బాగా పడ్డాయని చెప్పబోయి, "కృష్ణలో నీళ్లు తగలబడ్డాయి" అన్నాను. "అవునండీ టీచర్ గారూ, నిజమే" అని నలుగురూ తలలూపారు. స్టాఫ్ రూములో నేను తెల్లకాకి లేదంటే ఉందని గంటసేపు వాదించిన మనుషులే వాళ్లు. ఇక నేను లేనట్టే లెక్క అని ఆ రోజు నాకు తెలిసింది.

మాటలు నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. మంచిపిల్ల. అరటిపండు బొమ్మ చూపించి "ఇదేంటండీ?" అనేది. నేను తప్పు చెప్పినా "వెరీ గుడ్" అనేది. ఆ పిల్ల వెళ్లాక నేను గోడకు తిరిగి పడుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో పై అంతస్తు నుంచి సెక్రటరీ గారు దిగివచ్చారు. ఆవిడ మా ఫ్లాట్ల సంఘానికి సెక్రటరీ. వాళ్లాయనకు వన్ టౌన్లో హార్డ్‌వేర్ షాపు ఉంది. డాబా మీద బట్టలారేసే తీగ విషయంలో మాకిద్దరికీ గొడవై, ప్రమాదానికి ముందు కొన్ని నెలలుగా మాటల్లేవు. లిఫ్టులో ఎదురైతే ఆవిడ అంకెల వైపు చూసేవారు, నేను ఫ్యాను వైపు చూసేదాన్ని. అందరూ వచ్చి వెళ్లినా ఆవిడ రాలేదు. వచ్చినరోజు చేతిలో బత్తాయిలు లేవు.

"టీచర్ గారూ, మీ ఆయన తడి లుంగీలు నా తీగ మీద ఆరేస్తున్నారు" అన్నారు, నిలబడే.

మా ఆయన కంగారుగా వంటింట్లోంచి వచ్చి, "సారీ అండీ, తీసేస్తాను" అన్నారు.

"మీరుండండి సార్. నేను టీచర్ గారితో మాట్లాడుతున్నాను."

నాకు ఒళ్లు మండింది. చాలా రోజుల తరవాత మండింది. లేచి కూర్చుని, "ఆ పాము మాదే!" అన్నాను.

ఆవిడ తలూపలేదు. కళ్లు చిట్లించి, "పామేంటండీ? డాబా మీద పామెక్కడుంది?" అన్నారు.

"పాము కాదు... దారం... అది..." నా చెయ్యి గాలిలో అటూ ఇటూ గీత గీస్తోంది.

"తీగ."

"తీ... తీగ."

"ఆఁ, తీగ. ఇప్పుడు చెప్పండి, అది ఎవరిది?"

"మాది!"

"కాదు. మేకులు మా ఆయన షాపులోవి. తీగ మీది కాదు."

"మేకు మీది. గోడ... గోడ అందరిది!" అన్నాను. ఈ వాక్యం ఎక్కడా దారి తప్పకుండా బయటికి వచ్చింది. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ మా ఆయన నోరు తెరిచి చూస్తున్నారు.

సెక్రటరీ గారు అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నమాజులో రోజూ మీ కోసం దువా చేశానండీ. అంతమాత్రాన తీగ వదులుకుంటానని కాదు" అన్నారు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని నేను సైగ చేస్తే, "మీరు తిరిగి తిట్టలేని స్థితిలో ఉంటే నేనొచ్చి ఏం చెయ్యను?" అన్నారు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "మీకు పూర్తిగా తగ్గుతుందో లేదో నాకు తెలీదండీ. రేపు మాత్రం వస్తాను."

అన్నట్టే వచ్చారు. తరవాత దాదాపు రోజూ వచ్చేవారు. వాటర్ ట్యాంకు కడిగించడం గురించి, మెట్ల మీద చెప్పులు వదలడం గురించి, పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దాని గురించి పోట్లాడుకునేవాళ్లం. నాకు మాట అందకపోతే ఆవిడ అందించేవారు, అందించి ఆ మాటనే ఖండించేవారు. ఒక్కోసారి అందించకుండా చేతులు కట్టుకుని కూర్చునేవారు. నేను చెమటలు పట్టేదాకా వెతుక్కుని, దొరికాక చప్పుడు చేస్తూ మంచం మీద కొట్టేదాన్ని. పాఠం చెప్పే అమ్మాయి ఒకరోజు ఇది చూసి, "ఆంటీ, పేషెంటుని స్ట్రెస్ చెయ్యకూడదండీ" అంది. "పేషెంటెవరమ్మా? ఈవిడ మా అసోసియేషన్‌కి ప్రతిపక్షం" అన్నారు సెక్రటరీ గారు.

నేను నవ్వాను. నవ్వడానికి మాటలు అక్కర్లేదని అప్పటిదాకా గుర్తురాలేదు.

చలికాలం వెళ్లాక మా ఆయన ఆఫీసులో ఉద్యోగుల సంఘం వాళ్లు మహిళా దినోత్సవం తలపెట్టారు. ఆ సందర్భంగా ఎవరికి సన్మానం చెయ్యాలా అని బాగా ఆలోచించి, మా ఆయనకు చెయ్యాలని నిర్ణయించారు. 'ఆదర్శ భర్త' అని శాలువా, జ్ఞాపిక. మహిళల తరఫున నేను రెండు ముక్కలు మాట్లాడాలి.

"నాకిలాంటివి ఇష్టం ఉండవని చెప్పాను, వాళ్లు వినలేదు" అన్నారు మా ఆయన, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. రెండో చొక్కా కూడా ఇస్త్రీ చేశారు, ఏది బావుంటుందో అని.

సెక్రటరీ గారిని నాకు తోడు రమ్మన్నాను. వేదిక మీద ఉన్నవాళ్లందరూ మగవాళ్లే. దీపం వెలిగించడానికి మాత్రం టైపిస్టు అమ్మాయిని పైకి పిలిచి, వెలిగించాక కిందికి పంపారు. అధ్యక్షులవారు స్త్రీ సహనాన్ని భూమాతతో పోల్చి చాలాసేపు మాట్లాడారు. ఆ తరవాత మా ఆయన వంటింట్లోకి వెళ్లిన వైనం వర్ణించారు. హిమాలయాలెక్కిన మనిషి గురించి కూడా అంత వర్ణన నేనెప్పుడూ వినలేదు. శాలువా కప్పారు. చప్పట్లు. మైకు నా చేతికిచ్చారు.

ఇంట్లో బాగా సాధన చేశాను. 'మా వారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను' అనాలి. మైకు పట్టుకుని ఆ పీట మీద కూర్చున్న మనిషిని తలుచుకున్నాను. మనసారా అన్నాను.

"మా వారికి నా ప్రగాఢ సంతాపం తెలియజేస్తున్నాను."

హాలంతా చప్పట్లు కొట్టింది. అధ్యక్షులవారు కళ్లు తుడుచుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా అదేంటండీ అనలేదు. నాకే ఏదో తేడాగా అనిపించి తడుముకుంటుంటే, వెనక వరసలోంచి సెక్రటరీ గారు లేచి నిలబడి, "సంతాపం కాదండీ టీచర్ గారూ! మనిషి బతికే ఉన్నాడు!" అని కేకేశారు.

ముందుగా నవ్వింది మా ఆయనే. శాలువా జారిపోతున్నా పట్టుకోకుండా, పొట్ట పట్టుకుని నవ్వారు. నన్ను ఆసుపత్రిలో చేర్చిన దగ్గర్నుంచి ఆయన అలా నవ్వగా చూడలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చారు. నేను మైకు పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ రోజు నేను చెప్పదలుచుకున్నది ఆయనకు అందింది. సభ వారికి అందలేదు, పర్వాలేదు. వాళ్లకు టిఫిన్లు ఉన్నాయి.

వేసవి సెలవులు అయ్యాక డాక్టరు గారు బడికి వెళ్లొచ్చన్నారు, కొన్నాళ్లు పైతరగతులు వద్దని, ఎక్కువ చప్పుడులో ఉండొద్దని చెప్పి. చప్పుడు లేని హైస్కూలు కృష్ణా జిల్లాలో ఎక్కడుందో ఆయన చెప్పలేదు. సాయంత్రమయ్యేసరికి నాకు ఇప్పటికీ మాటలు అలిసిపోతాయి. వాసన తెలియదు, అదింక వస్తుందో రాదో. "చూద్దాం" అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఈమధ్య నాకు నచ్చుతోంది.

మొదటిరోజు దింపుతానని మా ఆయన బండి తీశారు, ఈసారి రెండు హెల్మెట్లతో. బస్టాండు దాకా చాలన్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

ఆ ఊరి పేరు నోట్లోకి రావడానికి ఒక్క క్షణం పట్టింది. "ఉయ్యూరు" అన్నాను.

అతను నా మొహం కూడా చూడలేదు. "ఆధార్ చూపించి, లోపలికి జరగండమ్మా, డోర్ దగ్గర నిలబడొద్దు" అని కసిరాడు.

నేను లోపలికి జరిగాను.