గూడ్సు నిత్యానందం గారు, వంటింటి కంట్రోలు

ఏలూరు పవరుపేటలో నిత్యానందం గారిల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. గూడ్సు నిత్యానందం గారిల్లు అంటే మాత్రం రిక్షావాడు మారుమాట లేకుండా గుమ్మంలో దింపుతాడు. ఆయన తాడేపల్లిగూడెం స్టేషన్లో గూడ్సు క్లర్కుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యారని రైల్వేవాళ్ళు అనుకున్నారు గానీ ఆయన అనుకోలేదు.

నేను ఆ ఇంటి ముందు వాటాలో అద్దెకుండేవాణ్ణి, మందుల షాపులో కాంపౌండరు ఉద్యోగం. అద్దెకి దిగిన వారానికే ఆయన నన్ను గార్డుగా వేసుకున్నారు. నా ఇష్టం ఎవరడిగారు?

వాళ్ళ హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలు వేయించి, వాటిమీద బొమ్మ రైలు పట్టాలు పరిచారు. ఇంజను మద్రాసు నుంచి తెప్పించింది, తాళంచెవి తిప్పితే నడుస్తుంది. వ్యాగన్లు మాత్రం మన ఊరి సరుకే. రేకుల పని చేసే అబ్దుల్ జబ్బార్ బిస్కట్ డబ్బాలు కత్తిరించి చేసిపెట్టాడు. బీరువా పక్కన ఏలూరు, నడిమధ్య భీమడోలు, కిటికీ దగ్గర తాడేపల్లిగూడెం. కిటికీ గూట్లో కలకత్తా, బీరువా వెనకాల మద్రాసు. స్టూలు మీద నీళ్ళు పోసిన ఇత్తడి తాంబాళం ఒకటుండేది. అది కొల్లేరు.

బొమ్మ రైలు కదా అని పిల్లల్ని వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చేవాళ్ళు. రైలు గిరగిరా తిరుగుతుందని వాళ్ళ ఆశ. "తిరగడానికి ఇదేమన్నా గానుగెద్దా అండీ? సరుకు లేకుండా బండి ఎందుకు కదులుతుంది?" అని ఆయన కోప్పడేవారు. పాసింజరు బండి ఆ బల్లల మీద ఎప్పుడూ నడవలేదు. మనుషులు వాళ్ళంతట వాళ్ళు ఎక్కి దిగుతారట, బస్తా అలా దిగలేదట, అందుకని బస్తాకే మన అవసరం ఎక్కువట. మనుషుల మీద ఆయనకి అంతకు మించి అభిప్రాయం ఉన్నట్టు నాకు కనిపించలేదు.

సరుకుండాలంటే, దాన్ని బుక్ చేసే పార్టీలుండాలి. తాడేపల్లిగూడెం బియ్యం బస్తాలు ఆయన భార్య సత్యవేణి గారు పాత ధోవతి గుడ్డతో బొటనవేలంత కుట్టిచ్చేవారు, లోపల నిజం బియ్యమే. జబ్బార్ భార్య బీబీ తివాచీలు నేసే ఇంటి పిల్ల. ఆవిడ అంచు ముక్కలు చుట్టలు చుట్టి ఏలూరు నుంచి మద్రాసుకి పంపేది. కొల్లేటి లంక నుంచి మా వీధికి చేపలు తెచ్చే పెద్దింటమ్మ, ఈతాకుతో చిట్టి బుట్టలల్లి, వాటిలో ఎండురొయ్యలు పోసి కలకత్తాకి బుక్ చేసేది. భీమడోలులో విప్పాల్సిన వ్యాగను బండి చివర ఉండాలి, అది మధ్యలో పడితే గంటసేపు షంటింగు. బియ్యం ఆగుతుంది, చేప ఆగదు, కాబట్టి చేపల వ్యాగను అన్నిటికంటే ముందు వెళ్ళాలి. ఒకసారి పిల్లి కలకత్తా చేరకముందే రొయ్యలు తినేస్తే, ఆయన పిల్లి మీద ఎంక్వయిరీ వేసి, పెద్దింటమ్మకి కొత్త రొయ్యలిచ్చి క్లెయిము తీర్చారు.

అంతా బాగానే ఉంది గానీ, కంట్రోలు లేకుండా రైలు నడవదు. అసలు రైల్వేలో బెజవాడ కంట్రోలు ఫోనులో సరేనంటే తప్ప ఏ స్టేషనూ గూడ్సు బండి కదపకూడదు. ఆ పదవికి తీరిగ్గా ఉన్న మనిషి ఎవరా అని ఆయన చూస్తే, పొద్దున్నించి రాత్రిదాకా వంటింట్లో సతమతమయ్యే సత్యవేణి గారు కనిపించారు! రెండు సిగరెట్ డబ్బాలకి పురికొస కట్టి, హాల్లోంచి వంటింటి కిటికీ దాకా ఫోను లాగారు.

"హలో, కంట్రోలు గారాండీ? ఏలూరు నుంచి మాట్లాడుతున్నానండి. చేపల బండి రెడీ. లైను ఇప్పిస్తారా అండీ?"

"ఉండండి, పోపు మాడిపోతోంది."

"చిత్తమండి."

మామూలుగా అయితే "ఏవేయ్, మంచినీళ్ళు" అని కేకేసే మనిషి, డబ్బా చేతికొస్తే చాలు, నడుం వంచి మాట్లాడేవారు. ఆ గారూ, ఆ అండీ సత్యవేణి గారికి పెళ్ళైన ఇన్నేళ్ళకి దక్కాయి. డ్యూటీ దిగాక మళ్ళీ ఏవేయే.

ఆవిడకి బతుకులో ఒక్కటే దిగులుండేది. యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెం యార్డులో బియ్యం దింపుతుంటే వ్యాగను తలుపు జారి నిత్యానందం గారి నెత్తిన పడింది. ఆయన కళ్ళు తెరవలేదు. డాక్టరు కూడా పెదవి విరిచాడు. అప్పుడు ఆవిడ, ఈయన బతికితే ఈయన తలనీలాలు చిన్న తిరుపతిలో ఇప్పిస్తానని ద్వారకా తిరుమల వెంకన్నకి మొక్కుకున్నారు. ఆయన బతికారు. మొక్కు మాత్రం తీరలేదు. సెలవు దొరకలేదు. తర్వాత బియ్యం సీజను. తర్వాత వ్యాగన్ల కొరత. రిటైరయ్యాక తీరుతుందనుకుంటే, ఈ బల్లల మీద కూడా బియ్యం సీజను వచ్చిపడింది. ఏలూరు నుంచి ద్వారకా తిరుమల ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు.

అప్పట్లో ఆయనది దువ్వెన విరిగేంత ఒత్తు జుట్టట. నేను చూసేనాటికి చెవుల మీద నాలుగు పోగులు, వెనకాల కాస్త మిగిలాయి. దేవుడికి చెందాల్సిన సొత్తు రోజూ దువ్వెనకి పోతోందని ఆవిడ నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ మిగిలింది కూడా రాలిపోతే మొక్కు ఇక ఈ జన్మకి తీరదని, తీరకపోతే ఆయనకి మళ్ళీ ఏ గండం వస్తుందోనని ఆవిడ భయం. చెబితే ఆయన నవ్వేవారు.

ఒక వేసవి ఆదివారం పార్టీలందరం హాల్లో ఉన్నాం. చేపల బండి సిద్ధంగా ఉంది. ఆయన డబ్బా అందుకున్నారు.

"కంట్రోలు గారండీ, లైను ఇప్పించండి."

"ఇవ్వనండి."

"పోపా అండీ?"

"పోపు కాదు. లైను బంద్. నేను చెప్పేదాకా ఒక్క వ్యాగను కూడా కదలడానికి వీల్లేదు."

నిత్యానందం గారి మొహం పాలిపోయింది. నేను ఊరుకోవచ్చుగా, "తాళం తిప్పెయ్యండి మాస్టారూ, బెజవాడ వాళ్ళొచ్చి పట్టుకుంటారా?" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకి నా గార్డు ఉద్యోగం అక్కడికక్కడే ఊడిందనుకున్నాను. "కంట్రోలు మాట కాదని బండి కదుపుతానుటండీ? ముప్ఫయ్యేళ్ళు ఉప్పు తిన్నవాణ్ణి" అన్నారు. ఆ రూలు పెట్టింది ఆయనే, ఆ కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టిందీ ఆయనే. తన వేలితో తన కన్నే పొడుచుకున్నారు.

సోమవారం లైను లేదు. మంగళవారం లేదు. భోజనం వేళకి భోజనం, కాఫీ వేళకి కాఫీ. ఆవిడ నవ్వుతూనే వడ్డించేవారు, లైను మాత్రం ఇచ్చేవారు కాదు. పెద్దింటమ్మ రోజూ గుమ్మంలో బుట్ట దించి గోల. "నా చేపలు కుళ్ళిపోతన్నాయండి బాబూ! కలకత్తావోళ్ళేం తింటారండి?" ఎండురొయ్యలు కుళ్ళవని ఆమెకి తెలియదా? ఆడవాళ్ళిద్దరూ ముందే కూడబలుక్కున్నారని నా అనుమానం.

చివరికి ఆయన దిగొచ్చారు. డబ్బాలో మెల్లగా అడిగారు, "కంట్రోలు గారూ, కారణం సెలవియ్యండి."

"యుద్ధం నాటి బుకింగు ఒకటి ఇంకా పంపకుండా మిగిలి ఉందండి. పార్టీ కొండమీద ఎదురుచూస్తున్నాడు. అది చేరాకే మిగతా బళ్ళు."

ఆయన చెయ్యి తలమీదికి వెళ్ళింది. "ఆ సరుకులో చాలా తరుగు పోయిందండీ. ఇప్పుడు పంపితే పార్టీ ఒప్పుకోడేమో."

"ఉన్నదే పంపండి. తరుగు సంగతి నేను చెప్పుకుంటాను."

"పోనిద్దురూ, మొక్కంటే మొక్కేనండి, ఏ దేవుడికైనా" అన్నాడు జబ్బార్. మేమంతా పడీపడీ నవ్వుతుంటే నిత్యానందం గారు గొడుగు వెతుక్కోవడానికి లేచారు.

వాళ్ళతో నేనూ బస్సెక్కాను. కల్యాణకట్టలో కత్తి పట్టుకున్నాయన ఈయన తల చుట్టూ తిరిగి చూసి, "ఎక్కణ్ణించి మొదలెట్టమంటారండి?" అని మర్యాదగానే అడిగాడు. నాకు నవ్వాగలేదు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. సత్యవేణి గారు మాత్రం నవ్వలేదు. రాలిన ఆ నాలుగు వెంట్రుకలకీ దణ్ణం పెట్టుకున్నారు.

దర్శనం చేసుకుని కొండ దిగాక, ఆవిడ ఒక మామిడిపళ్ళ బుట్ట దగ్గర ఆగిపోయారు. రసాలు. ఒకటి తీసుకుని, అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, నడిబజారులో నిలబడే జుర్రుకోవడం మొదలుపెట్టారు. రసం మోచేతి దాకా కారుతున్నా పట్టించుకోలేదు.

"అదేవిటే, నీకు మామిడిపండు పడదుగా?" అన్నారు నిత్యానందం గారు.

"పడకేం? నాకు ప్రాణం. మీరు కళ్ళు తెరవని రోజున, మొక్కు తీరేదాకా ముట్టుకోనని అనుకున్నానండి."

ఏటా వేసవిలో రసాలు పిండి ఆయన కంచంలో వేసింది ఈ చేతులే. ఆయన తిన్నారు, బాగుందన్నారు, ఇంకోటి వెయ్యమన్నారు. నిద్రలో లేపి అడిగినా ఏ వ్యాగను ఏ స్టేషన్లో ఉందో చెప్పే మనిషి, ఎదురుగా ఉన్న ఆవిడ కంచంలో పండెందుకు లేదో మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆయన్ని కాస్త ఏడిపిద్దామని నోరు తెరిచిన నేను, మూసేసుకున్నాను.

"ఒక్క మాట చెప్పకూడదుటే?" అన్నారు చివరికి.

"చెబితే సెలవు దొరికేదాండీ?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగారు. నిత్యానందం గారు అక్కడే మెట్టుమీద కూలబడి, కొత్త గుండు మీద చెయ్యి వేసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"ఊరుకోండి, అందరూ చూస్తున్నారు" అని ఆవిడ పక్కన కూర్చున్నారు. కాసేపటికి ఆయన బుట్టలో చెయ్యి పెట్టి, మంచి పండు ఒకటి ఏరి, నలిపి, ముచ్చిక తీసి ఆవిడ చేతికిచ్చారు.

"తినండి" అన్నారు.

ఏలూరు బస్సు ఒకటి వెళ్ళిపోయింది. ఆయన గడియారం తీయలేదు. ఆవిడ తింటున్నంతసేపూ చూస్తూ కూర్చున్నారు.