తువ్వాల్లో చుట్టిన పిల్లికూన

ఆ రోజు పొద్దున దానమ్మ పిల్లికి పేలు చూసింది. మా ఇంటి వెనక గచ్చు మీద రెండు పీటలు వేసింది. ఒకదాని మీద తాను కూర్చుంది. రెండోదాని మీద పిల్లిని పాత పసుపు తువ్వాల్లో మెడదాకా చుట్టి పెట్టింది. తువ్వాలును ఒక్కో పక్క కొంచెం కొంచెం విప్పుతూ, చెవుల వెనక, మెడ కింద, తోక మొదట్లో సన్న పళ్ళ దువ్వెనతో దువ్వింది. పక్కన మగ్గులో సబ్బునీళ్ళు. దువ్వెనను వాటిలో ముంచి, నీళ్ళ వంక కాసేపు చూసి, మళ్ళీ దువ్వేది.

"ఏం లేవు. మంచిగున్నవ్ పో," అని పిల్లికే చెప్పింది.

తువ్వాలు దులిపి తీగ మీద ఆరేసింది. చేతులు కడుక్కుని లోపలికి వచ్చి, "జర సేపు నడుం వాలుస్త. పప్పు మీద కన్నేసి ఉంచు," అంది. పప్పు ఉడికింది. స్టవ్ కట్టేసి ఆమెను లేపడానికి వెళ్ళాను. లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తరవాత డాక్టర్లు చెప్పారు.

దానమ్మ నా భార్య. రామంతాపూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చాలా ఏళ్ళు పనిచేసింది. నాచారంలో మా ఇంటి నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో వెళ్ళేది, చీకటి పడుతుండగా వచ్చేది. అక్కడ శనివారం పేలు చూసే రోజు. పల్లెల నుంచి వచ్చిన చిన్న చిన్న పిల్లలను మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి, కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి తలలకు పట్టించేది. తెల్లారి దువ్వేది. పేలున్న పిల్లకూ అదే నూనె, లేని పిల్లకూ అదే నూనె.

"ఆంటీ, నాకు లేవు గదా," అని ఎవరైనా తప్పించుకోబోతే, "లేకపోతె నీ తలకు చలువ. కూసో," అనేది.

ఎవరికి ఉన్నాయో ఎవరికి లేవో ఒకరికొకరు తెలియకూడదని ఆమె పట్టుదల. ఇంట్లో నాకు కూడా ఎన్నడూ ఫలానా పిల్లకు అని చెప్పలేదు. పేలంటే తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని మాత్రం చెప్పేది. అది నిజమేనని నేనూ అనుకునేవాణ్ణి.

కొన్నేళ్ళ కిందట, వానలు మొదలైన నెలలో, మా బోరు మోటారు మీద కప్పిన రేకు కింద ఒక వీధిపిల్లి మూడు పిల్లలు పెట్టింది. కొన్నాళ్ళు తిప్పలు పడి పెంచింది. తరవాత రావడం మానేసింది. రోడ్డు మీద ఏమైందో తెలియదు. కూనలు మూడూ పొద్దంతా అరిచేవి.

పక్కింటి లక్ష్మీనర్సమ్మ గోడ మీదుగా తొంగి చూసి, "దానమ్మా, మీ మోటరు మొత్తుకుంటున్నదో పిల్లులు మొత్తుకుంటున్నయో తెలుస్తలేదు. సంచిల ఏసి చెరువుకట్ట మీద ఇడిసిపెట్టరాదు," అంది.

"ఇడిసిపెడితె సక్కగ నీ ఇంటికే వస్తయి. నీ చేపల కూర వాసన వాటికి తెల్వదనుకున్నవా?"

అని ఊరుకోలేదు దానమ్మ. రేకుకు కాస్త దూరంలో నిలబడి చాలాసేపు వాటిని చూసింది. లోపలికి వచ్చి, తలుపు వెనక వేలాడుతున్న నా పసుపు తువ్వాలు తీసుకుంది.

"అది నాది," అన్నాను.

"ఇప్పటిసంది వాటిది."

చేప ముల్లు తీసి అన్నంలో మెదిపి పెట్టడం మొదలుపెట్టింది. తినేవి, కానీ ఒళ్ళు చేసేవి కావు. కాళ్ళు పుల్లల్లా ఉండి, పొట్టలు మాత్రం బిగిసిన డోలకుల్లా ఉండేవి. బొచ్చు పాయలు తీసి చూస్తే నల్లటి నలకలు, వాటి మధ్య ఏవో కదులుతున్నాయి. దానమ్మ ముఖంలో దిగులు పోయి ధీమా వచ్చింది. "పేలే గదా. గిది నా పనే," అంది. హాస్టల్లో చేసినట్టే కొబ్బరి నూనె వేడిచేసి, కర్పూరం బిళ్ళలు వేసి కరిగించి, చల్లారాక మూడింటికీ పట్టించింది. అన్నిటికంటే చిన్నదానికి పేలు ఎక్కువ ఉన్నాయని నూనె కూడా ఎక్కువ పెట్టింది.

బట్టలు ఆరేసి వచ్చేసరికి ఆ చిన్నది పక్కకు ఒరిగిపోయి ఉంది. నోట్లోంచి చొంగ కారుతోంది. కాళ్ళు వణుకుతున్నాయి.

"ఏమయ్య, దీనికి ఏమో అయితున్నది. లెవ్వు, లెవ్వు," అంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె గొంతు అట్లా వినలేదు.

చిన్నదాన్ని తువ్వాల్లో చుట్టి తాను పట్టుకుంది. మిగిలిన రెండింటిని కూరగాయల బుట్టలో వేసి నా చేతికిచ్చింది. నాచారం మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కాం. డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి, "ఏందమ్మా, పసిపిల్లకు బాగలేదా?" అని అడిగాడు.

"పిల్లి పిల్లకు. ఉప్పల్‌ల దవాఖానకు పోవాలె."

"పిల్లికి దవాఖాననా? నాకు జెరమొస్తెనే గోలి ఏసుకోని బండి తోల్త నేను."

"నీకు నోరున్నది బిడ్డా, యాడ నొప్పో చెప్పుకుంటవు. గిదేం చెప్తది? జర జల్ది పోనీ."

అతను దారిలో చేతులెత్తిన వాళ్ళ ముందు ఆపకుండా, ఉప్పల్ దాకా ఇంకెవరినీ ఎక్కించుకోకుండా తీసుకుపోయాడు.

మెట్రో స్తంభాలు దాటాక ఒక సందులో ఆ జంతువుల దవాఖాన. డాక్టర్ త్రివేణి చిన్న వయసు మనిషి. తువ్వాలు విప్పగానే వాసన చూసి తలెత్తింది.

"కర్పూరం పెట్టిన్రా అమ్మా?"

"పెట్టిన," అంది దానమ్మ. ఎంత పెట్టిందో, ఎప్పుడు పెట్టిందో, నూనె ఏదో, కూన ఒళ్ళు నాక్కుందో లేదో, అడిగినవాటికీ అడగనివాటికీ జవాబు చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు.

డాక్టరమ్మ గోరువెచ్చటి సబ్బునీళ్ళతో ఆ నూనెంతా కడిగింది. తుడిచి, సూది మందు ఇచ్చి, దీపం వెచ్చదనం తగిలేలా ఒక పెట్టెలో పడుకోబెట్టింది. పెదవి పైకెత్తి చిగుళ్ళు చూపించింది. తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఇవి తలల ఉండే పేలు కావమ్మా. ఎగిరే రకం, ఫ్లీస్ అంటరు. రక్తం తాగి తాగి దీన్ని గిట్ల చేసినయి. దాని మీద కర్పూరం. మనిషి తలకు పెడితె మనిషి నాకదు. పిల్లి ఒళ్ళంత నాక్కుంటది. ఇంత చిన్న పాణం తట్టుకోలేదు."

"నేనే సంపుకున్ననా దీన్ని?"

"ఇంక సచ్చిపోలేదు గదా. సాయంత్రందాక చూద్దాం. మీరు దాచకుంట చెప్పిన్రు, అది మంచిగైంది. చానమంది ఏం పెట్టిన్రో చెప్పరు, మేం ఎతుక్కునేసరికి పొద్దుపోతది."

దానమ్మ బయటి మెట్టు మీద కూర్చుని హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేసింది. "ఇయ్యాల రాను మేడం. మా ఇంట్ల ఒకరికి బాగలేదు." అవతల ఎవరికని అడిగినట్టున్నారు. కాస్త ఆగి, "చిన్నదానికి," అంది. ఆ పిల్లికి పేరు అట్లా వచ్చింది.

ఈలోగా మిగిలిన రెండింటి ఒంటి మీది నూనె కూడా కడిగేసి చూశారు. ఒక్కోదాన్ని కాటా మీద తూచి, ఆ బరువును బట్టి నులిపురుగుల మందు నోట్లో పోశారు. కూనలకు పనికొచ్చే చుక్కల మందు, నాలుక అందని చోట, మెడ వెనక వేశారు. పేలు పోకుండా పురుగులొక్కటే పోవని డాక్టరమ్మ చెప్పింది. పేను కడుపులోనే ఒకరకం పురుగు పిల్ల ఉంటుందట. పిల్లి ఒళ్ళు నాక్కుంటూ పేనును మింగుతుంది, పురుగు మళ్ళీ లోపలికి చేరుతుంది. అందుకే రెండిటికీ మందు వేయాలి, గడువు చూసి మళ్ళీ వేయాలి, పడుకునే గుడ్డలు మరిగే నీళ్ళలో ఉతకాలి. దానమ్మ ప్రతిదానికీ తలూపుతూ కూనలను తువ్వాల్లో చుట్టి పట్టుకుంది. ముఖం తప్ప ఏదీ బయటికి రాదు, గోరు తగలదు. అక్కడే ఒకాయన తన పిల్లితో కుస్తీ పడుతుంటే డాక్టరమ్మ, "అన్నా, ఈ అమ్మ ఎట్ల పట్టుకున్నదో చూడున్రి. గట్ల పట్టుకోవాలె," అంది.

ఆయన చూశాడు. నేనూ చూశాను. దానమ్మ చేతులు సన్నగా వణుకుతున్నాయి. లోపల దీపం కింద ఉన్న చిన్నదాని గురించే అనుకున్నాను.

ఎండ తగ్గాక చిన్నది తల ఎత్తింది. మెదిపిన కోడిమాంసం వేలి కొనతో నోటికి రాస్తే, నాకి, డాక్టరమ్మ వేలు కూడా కొరికింది. "ఆకలైతున్నదట అమ్మా మీ చిన్నదానికి," అని ఆమె బయటికి వచ్చి చెప్పింది. దానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చేతులు చాపకుండా, ముందు తువ్వాలు చాపింది.

ఇంతవరకే అయితే నాకు ఆమె మీద ప్రేమ ఉండేది గానీ, ఇప్పుడున్న ఈ గౌరవం ఇంత ఉండేది కాదేమో. అది ఆ వారం మా చర్చి స్త్రీల కూటంలో జరిగినదాని వల్ల వచ్చింది. మా సంఘంలో సాక్ష్యం చెప్పడం అంటే దేవుడు చేసిన మేలు చెప్పడం. జ్వరం తగ్గిందనో, కొడుక్కి ఉద్యోగం దొరికిందనో లేచి చెబుతారు. ఆ కూటం మా ఇంట్లోనే పెట్టారు. నేను వంటింట్లో టీ కాస్తున్నాను. దానమ్మ లేచి నిలబడి, "మా ఇంట్ల పిల్లికి నేను కర్పూరం నూనె పెట్టిన," అని మొదలుపెట్టింది.

గదంతా నవ్వింది.

"నవ్వున్రి. నవ్వినంక ఇనున్రి," అంది.

నవ్వు ఆగేదాకా నిలబడింది. తరవాత మొత్తం చెప్పింది. "ఇన్నేండ్లసంది పేలు తీస్తున్న, నాకంత తెలుసు అనుకున్న. అడగకుంట పెట్టిన. అది సావుదాక పోయింది. మీరెవ్వరు గట్ల చెయ్యకున్రి. కుక్కల మందు గూడ పిల్లికి పెట్టకున్రి, అది ఇంక మోసమట. డాక్టర్‌కు చూపెట్టున్రి. దేవుడు దాన్ని నా చేతిలకెళ్ళి కాపాడిండు. గిదే నా సాక్ష్యం."

అప్పుడు కాప్రా నుంచి వచ్చే ఒక ముసలామె మెల్లగా అడిగింది. "మా గల్లీ పిల్లికి తోక కాడ బియ్యపు గింజల లెక్క రాలుతున్నయి. అదేందమ్మా?"

"పురుగు ముక్కలు. రేపు దాన్ని బుట్టల ఎయ్యి, నాతోని రా."

అట్లా మొదలైంది. తరవాతి ఏళ్ళలో ఎంతమందితో ఆ ఉప్పల్ ఆటో ఎక్కిందో నేను లెక్కపెట్టలేదు. ఎవరికీ మందు తాను చెప్పేది కాదు. దవాఖాన దాకా తోడు పోయేది, తువ్వాల్లో చుట్టడం నేర్పేది. పిల్లి బొచ్చులోని నల్ల నలకలను తడి తెల్లగుడ్డ మీద వేసి, అవి ఎర్రగా మారడం చూపించేది. "దుమ్ము కాదు, చూసిన్రా? అది తాగిన రక్తం." కొన్నాళ్ళకు లక్ష్మీనర్సమ్మ కూడా గోడ దగ్గరికి వచ్చింది.

"దానమ్మా, ఊకెనే అడుగుత, నీ డాక్టరమ్మ ఇయ్యాల ఉంటదా?"

"ఎవరికే?"

"మాకు కాదులే."

ఆమె వెనక చేపల బుట్ట పక్కన ఒక బూడిదరంగు పిల్లి చెవి గోక్కుంటోంది. దానమ్మ నవ్వకుండా వెళ్ళి తువ్వాలు తెచ్చింది.

హాస్టల్లో కూడా కర్పూరం మానేసింది. బస్తీ దవాఖానలో అడిగి పిల్లల తలలకు తగిన మందు తెచ్చుకుంది. దాన్నీ అందరికీ పెట్టబోతే ఆ డాక్టర్ ఒప్పుకోలేదట. ఉన్నవాళ్ళకే మందు పెట్టి, లేనివాళ్ళకు ఉత్త కొబ్బరి నూనె, ఎవరికీ తేడా తెలియకుండా అవే సీసాల్లోంచి పోసినట్టు పోసేది.

కూనల్లో ఒకదాన్ని పోచారంలో ఉద్యోగం చేసే అమ్మాయి తీసుకుంది, ఒకటి హాస్టల్ వంటమనిషి ఇంటికి పోయింది. టీకాలు, రెండో విడత మందు అయ్యాకే ఇచ్చింది. చిన్నది మా దగ్గరే ఉండిపోయింది. దాన్ని దానమ్మ ఎన్నడూ ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు. ఉత్త చేత్తో ఎత్తడం నేను చూడలేదు. అది వచ్చి కాళ్ళకు రాసుకుంటే, రాసుకోవడం అయ్యేదాకా కదలకుండా నిలబడేది. హాస్టల్లో అలవాటైన శుభ్రత అనుకున్నాను. దాని ముచ్చట తీరనిస్తోంది అనుకున్నాను.

జ్ఞాపకార్థ కూటానికి జనగామ నుంచి దానమ్మ అక్క సూర్యకళ వచ్చింది. అందరూ వెళ్ళాక ఇద్దరం వెనక గచ్చు మీద కూర్చున్నాం. చిన్నది గోడ దిగి వచ్చి, తీగ కింద నిలబడి తువ్వాలు వంక చూసింది.

"ఇది ఎవరి పిల్లి?" అంది సూర్యకళ.

"దానమ్మదే వదినా. అదే సాదింది."

"ఎవరు, మా దానమ్మనా? నాతోని పరాచికాలాడకు శాంసనూ."

తువ్వాలు సంగతీ, ఉప్పల్ సంగతీ చెప్పాను. ఆమె చాలాసేపు ఆ తువ్వాలునే చూసింది.

"చిన్నప్పుడు పండుకున్నదాని మీద అటక మీదికెళ్ళి పిల్లి దూకింది. అప్పటిసంది పిల్లి ఉన్న ఇంట్ల అడుగు పెట్టకపోయేది. నీ సంబంధం వచ్చినప్పుడు పిలగాడు ఎట్లుంటడు, ఏం చేస్తడు, ఏం అడగలే. ఒక్కటే కనుక్కొమ్మన్నది. వాళ్ళింట్ల పిల్లి ఉన్నదా అని. నేనే పోయి మీ అమ్మను అడిగిన."

పిల్లి లేదని మా అమ్మ చెప్పిందట.