గడ్డికి పోసిన నీళ్ళు

మాచర్ల అవతల కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజులవి. ఇంజనీర్ల క్లబ్బు వెనక గోల్ఫు ఆటకని పచ్చిక వేశారు. కర్రతో బంతిని కొట్టి గుంటలో పడెయ్యడమే ఆ ఆటంతా. ఆ గుంట చుట్టూ గడ్డి మాత్రం చాప పరిచినట్టు నున్నగా ఉండాలట! దాన్ని కాపాడే మాలి యల్లమంద.

బొల్లాపల్లిలో అతనికి కాస్త మెట్ట ఉంది. వరసగా మూడేళ్ళు పైరు కళ్ళముందే మాడిపోతే, ఇంటికి తాళం వేసి పెళ్ళాం పుల్లమ్మతో ఇక్కడికొచ్చి రోజుకూలీగా కుదిరాడు. ఈ వేసవి గడ్డిని బతికిస్తే ఉద్యోగం ఖాయం చేయిస్తానని ఇంజనీరు బ్రహ్మానందం మాటిచ్చాడు. మళ్ళీ ఆ పొలం మొహం చూడాలన్న తలపుకే యల్లమంద గుండె జారిపోయేది.

"తెల్లారుజామున కాసిని నీళ్ళే పొయ్యి. సాయంత్రం పొయ్యొద్దు" అన్నాడు బ్రహ్మానందం. యల్లమంద తల ఊపాడు గానీ మనసు ఒప్పుకోలేదు. పొద్దున పోస్తే ఎండ తాగేస్తుంది. మెట్టలో పుట్టినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? పొద్దువాలాక ఎవరూ చూడకుండా పైపు విప్పేవాడు.

రోహిణికార్తెలో గడ్డి మీద గుండ్రంగా గోధుమరంగు మచ్చలు లేచాయి. పొద్దున్నే వాటి అంచున సాలెగూడులాంటి తెల్లటి బూజు. కాలితో తుడిచేశాడు. పాపం, అతనెరిగిన తెగులు దాహం ఒక్కటే. మచ్చ పెరిగినకొద్దీ నీళ్ళు పెంచాడు.

అప్పుడే కంకర కొట్టేవాళ్ళ గుడిసెల దగ్గర బావి ఎండింది. వాళ్ళలో పిచ్చమ్మ అనే ఆమె బిందె పట్టుకొచ్చింది.

"అన్నా, ఒక్క బిందె పట్టుకోనీ. పిల్లలు నాలిక పిడచగట్టి పడున్నారు."

"పైపు ముట్టుకోమాక! ఈ గడ్డి చస్తే నా బతుకేంగాను?" అని కసిరాడు.

ఆమె ఖాళీ బిందెతోనే వెళ్ళిపోయింది. ఆ బిందెడూ గడ్డికే పోశాడు.

వారం తిరిగేసరికి గుంట చుట్టూ అంతా చచ్చింది. బ్రహ్మానందం వంగి గుప్పెడు గడ్డి లాగితే మెత్తగా ఊడొచ్చింది.

"ఎండి చావలేదయ్యా ఇది. రాత్రంతా తడిలో నాని కుళ్ళింది. ఎన్ని నీళ్ళు పోశావు?"

నీళ్ళెక్కువైనా చస్తుందని యల్లమంద తన పుట్టుకలో వినలేదు. "రేపట్నుంచి రావొద్దు" అన్న మాట కూడా ఆ తర్వాతగానీ చెవికెక్కలేదు.

పోయేముందు ఆ పైపు దగ్గరే తన బిందె నింపి పిచ్చమ్మ గుడిసెకు మోసుకెళ్ళాడు. తిడుతుందనుకున్నాడు. నాలుగు తిట్లు పడితే కాస్త తేలికపడేవాడే.

పిచ్చమ్మ తిట్టలేదు. నీళ్ళు తన కుండలోకి వంపుకుని, ఖాళీ బిందె అతని చేతికిచ్చింది.

"గడ్డికి నీళ్ళు తక్కువకావు గదన్నా?" అంది భయంభయంగా.