అర నిమిషం చీకటి

నిన్న మధురవాడలో ఒక పెళ్లికి ఫోటోలు తీయబోతూ కెమెరా మోడ్ డయల్ తిప్పాను. ఆ కటుక్కుమన్న చప్పుడుకి ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు. తొంభైల్లో ఆవిడకి మద్దిలపాలెంలో ఫోటో స్టూడియో ఉండేది. డిగ్రీ అయ్యాక నేను అక్కడే పనికి చేరాను. ఆవిడ దగ్గర నేర్చుకోవడమంటే తిట్లు తినడమే. నేను తెలివిగా డయల్ ఎప్పుడూ ‘పి’ మీద పెట్టేదాన్ని మరి.

“పి లో పెడితే ఆలోచనంతా కెమెరాదే. ఎస్ లో షట్టరు ఎంతసేపు తెరవాలో నువ్వు సెప్తావు, మిగతాది అది సూసుకుంటాది. ఎ లో ఎలుగు లోపలికొచ్చే కన్నం ఎంత తెరవాలో సెప్తావు. ఎం లో రెండూ నీవే. తప్పొచ్చినా నీదే. తెలిసిందేటే?” అనేవారు.

ఒకరోజు యారాడ తీరం నుంచి అమ్మోజీ అనే జాలరి పిల్ల కబురు పెట్టింది. ఆమె భర్త చేపల వేటకెళ్లిన పడవ తిరిగొచ్చింది, అతను రాలేదు. శవమూ దొరకలేదు. ఇక గాజులు తీసెయ్యమని పెద్దలు పట్టుబట్టారు. రేపటిదాకానే గడువు.

“సచ్చిపోనాడని సముద్రం సెప్పాలి గానీ ఈళ్లేటి సెప్పేది? గాజులుండగానే, నాను ఎదురుసూసే సోట ఒక్క పొటో తియ్యండమ్మా” అంది మేం వెళ్లగానే.

అప్పటికి పొద్దు కొండ వెనక్కి దిగింది. అలవాటుగా పి లో పెట్టి ఫ్లాష్ బిగించాను. మేడమ్ నా చెయ్యి తోసేశారు. “ఫ్లాష్ మెరుపులో ఆ పిల్ల ఎదురుసూపు కనపడదే” అంటూ ఎం లోకి తిప్పి, కన్నం బాగా చిన్నది చేసి, షట్టరు అర నిమిషం తెరవమన్నారు. అంతసేపూ కదిలినవాళ్లు ఫోటోలో చెరిగిపోతారు, కదలనివాళ్లే మిగులుతారు. అమ్మోజీ సముద్రం వైపు తిరిగి నిలబడింది. అలా నిలబడటం ఆమెకి కొత్త కాదు. స్టాండు మీది కెమెరా కదలకుండా మేడమ్ నా వెనక గాలికి అడ్డంగా కొంగు పట్టారు. ఇలాంటి కెమెరాల్లో షట్టరు తెరిచి ఉన్నంతసేపు లోపలి అద్దం పైకి లేచి, ఫోటో తీసేవాళ్ల కంటికి చీకటే కనిపిస్తుంది. తీరంలో ఇంకెవరూ లేరు.

ఆ రాత్రే స్టూడియోలో మందు నీళ్లలో ప్రింటు మీద బొమ్మ తేలింది. పొగలాంటి అలలు, స్పష్టంగా అమ్మోజీ. ఆమె పక్కన ఒక మగమనిషి. అతని ఒంటిలోంచి సముద్రం కనిపిస్తోంది.

“సగంసేపు నిలబడి ఎల్లిపోయినోళ్లు ఇలాగే పడతారు” అన్నారు మేడమ్.

“అక్కడెవరున్నారు మేడమ్?”

మేడమ్ ప్రింటుని ఆరబెట్టడానికి తగిలించారు. నాకు నిజంగా భయమేసింది. అతన్ని కత్తిరించేద్దామన్నాను, లేకపోతే ఆమె జన్మంతా ఎదురుచూస్తుందని.

“ఆ పిల్లకొచ్చింది ఆ పిల్లకే ఇవ్వాలి. దాసడానికి మనమెవరం?”

మర్నాడు యారాడలో పెద్దలందరి ముందే అమ్మోజీ ఆ ఫోటో అందుకుంది. అతని మీద వేలు పెట్టింది. ఏడవలేదు.

“నాకేసే తిరిగున్నాడు. సెప్పి ఎల్లడానికొచ్చాడమ్మా” అంది. ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా గాజులు తనే ఒక్కొక్కటీ తీసి, పగలనివ్వకుండా సముద్రంలో వదిలింది.

మేడమ్ ఇప్పుడు లేరు. ఇప్పటికీ షట్టరు ఎక్కువసేపు తెరిచినప్పుడల్లా ఆ చీకట్లోంచి కన్ను తీయను. భయమే, అయినా మధ్యలో ఆపడానికి చెయ్యి రాదు. ఎవరైనా చెప్పి వెళ్లడానికి వచ్చి నిలబడి ఉంటారేమో.