ఆమెవి కాని నక్షత్రాలు

నలుగురిలో ఉంటే నా నోరు ఊరుకోదు. ఎవరో ఒకరి మీద జోకు పడాల్సిందే. ఇలాంటివాడికి లోపల బరువేమిటని మీరు నవ్వచ్చు. ఉంది. ఏళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

మా అమ్మాయి అప్పుడు కెనడాలో, సర్రీ ఊళ్ళో నాలుగో గ్రేడ్. వాళ్ళ టీచర్ ఇంటి దగ్గర టాబ్లెట్‌లో చేయమని భిన్నాల లెక్కలు ఇచ్చేది. ఎవరు ఎక్కడ ఆగారో వారం వారం చూసుకుని, అర్థం కానివాళ్ళను కిటికీ పక్కన చిన్న టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, కాగితాలు మడిచి చూపిస్తూ మళ్ళీ చెప్పేది. మా అమ్మాయి చోటు అక్కడే. తను హాయిగానే ఉండేది. హాయిగా లేనిది నేను.

ఇంటికో వంటకం తెచ్చుకుని కలిసే మనవాళ్ళ పాట్‌లక్‌లో ప్లేటు చేతికి రాకముందే పిల్లల లెవెళ్ళు బయటికొస్తాయి. మావాడు రెండు గ్రేడ్‌లు ముందున్నాడని ఒకరు, మాది మూడని ఇంకొకరు. అందరినీ ఆటపట్టించే నేను నా వంతు రాగానే పెరుగన్నంలోకి తల దించేశాను. తొమ్మిదిలో బడి మానేసినవాడి కూతురు కదా అని ఎవరూ అనలేదు. నాకే వినిపించింది.

ఆ మర్నాటి నుంచి అమ్మాయి స్నానానికి వెళ్ళగానే ఆ లెక్కలు నేనే చేశాను. తప్పయితే టాబ్లెట్ బొమ్మ గీసి ఓపిగ్గా చూపించేది. రైటయితే ఒక నక్షత్రం, గలగలా చప్పట్లు. బడిలో నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. ఇదంతా అమ్మాయి కోసమేనా? అప్పుడు అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాయబోతే చెయ్యి ఆగుతోంది.

పేరెంట్ మీటింగ్‌లో టీచర్ అమ్మాయి ముందే తెగ మెచ్చుకుంది. ఇంత బాగా చేస్తోంది గనక ఇక చిన్న టేబుల్ అక్కర్లేదని, ఆ చోటు ఇంకో పిల్లకిస్తానని చెప్పింది. నేను థాంక్యూ అన్నాను. కారెక్కాక అమ్మాయి బెల్టు పెట్టుకోలేదు.

"నాన్నా, దోజ్ ఆర్ నాట్ మై స్టార్స్. ప్లీజ్ టెల్ హర్."

"ఆ టేబుల్ మొద్దులకి తల్లీ. నీకెందుకు?"

"బట్ ఐ డోంట్ గెట్ ఇట్."

"నాకు మీ అమ్మ అర్థం కాదు. కాపురం చెయ్యట్లేదా?"

అమ్మాయి నవ్వలేదు. టీచర్‌కు తనూ చెప్పలేదు. నన్ను పట్టివ్వడం ఇష్టంలేక కాబోలు. అది తలుచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేను.

పశువుల డాక్టరునవుతానని బొమ్మ కుక్కలన్నిటికీ కట్లు కట్టిన పిల్ల, మొన్న హైస్కూల్లో కోర్సులు ఎంచుకుంటూ ఆ చదువుకి కావలసిన గట్టి లెక్కలున్నవన్నీ వదిలేసింది. ఎందుకమ్మా అంటే, లెక్కలకీ తనకీ ఎప్పుడో విడాకులయ్యాయని ఇంగ్లీషులో ఒక జోకు విసిరింది. అందరం నవ్వాం. అచ్చం నా జోకే. అర్థం కానిచోట నవ్వించి తప్పుకోవడం ఎవరి దగ్గర నేర్చుకుంది? ఆ టేబుల్ దగ్గరే ఉండనిచ్చి ఉంటే ఈపాటికి లెక్కలు వచ్చేసేవా? ఏమో. వచ్చేవి కావని కూడా చెప్పలేను.

ఆ నక్షత్రాలు ఆమెవి కావు. నేనే చేశాను. ఆ టీచర్‌కి ఇంకా చెప్పలేదు. మీకు మాత్రం చెప్పాను, ఒక్క జోకూ అడ్డం పెట్టుకోకుండా.