శిరీషని చూడ్డానికి దమ్మామ్‌కి

శిరీష సౌదీ వదిలి వెళ్ళిపోతోందని తెలియగానే రియాద్ నుంచి దమ్మామ్‌కి రైలు టికెట్ తీసుకున్నాను. నాలుగు నెలలుగా రోజూ మాట్లాడుకుంటున్నా ఒకరి ముఖం ఒకరం చూడలేదు. ఇక్కడ రొమ్ము క్యాన్సర్ వచ్చిన తెలుగు ఆడవాళ్ళం కొందరం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అడ్మిన్‌ని నేనే. ఫొటోలు వద్దు, గొంతులు చాలన్నది మా కట్టుబాటు. కీమో చేయించుకున్న రోజు ఎంత నీరసమైనా వాయిస్ పెట్టాల్సిందే. శిరీష వాంతుల మధ్య కూడా మమ్మల్ని నవ్వించేది.

మలాజ్‌లో మా ఇంటి నుంచి మావారు పొద్దున్నే స్టేషన్‌కి తీసుకెళ్ళి దింపారు. ఎనిమిది దాటాక రైలు కదిలింది. పక్క సీట్లో మలక్‌పేట ఆవిడ.

"మీరూ ఫైనల్ ఎగ్జిటా, సౌదీ వదిలి వెళ్ళిపోతున్నారా?"

"కాదండీ, స్నేహితురాలు వెళ్ళిపోతోంది."

"మా బిల్డింగ్ సగం ఖాళీ అయిపోయిందమ్మా. ఇంట్లోవాళ్ళకి తలకింత అని సర్కారు లెవీ వేస్తే పిల్లలతో ఎవరుంటారు?"

దారిలో హొఫూఫ్ స్టేషన్ దాకా అంతా ఇసుకే. ఈ దారిన వెళ్ళేవాళ్ళు తిండి కట్టుకెళ్ళండి. రైల్లో అమ్మే శాండ్‌విచ్ నోట పెట్టలేం. నా పులిహోర ఆవిడా నేనూ పంచుకున్నాం.

దమ్మామ్‌లో దిగి టాక్సీలో వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. తలుపు తీసిన సన్నటి మనిషిని చూసి, ఇల్లు తప్పానేమో అనుకున్నాను.

"అక్కా! నువ్వొస్తవని అనుకోలే!"

ఆ గొంతే. గట్టిగా పట్టుకుని ఇద్దరం ఏడ్చాం. గదినిండా అట్టపెట్టెలు. గోడౌన్‌లో లెక్కలు రాసే భర్త ఇక్కడే ఉండిపోతాడు, లెవీ కట్టలేక ఈమె రాత్రి విమానానికి కరీంనగర్ వైపు అత్తగారింటికి. కీమో ఇంకా సగమే అయింది.

"మీ వాళ్ళకి చెప్పావా?"

"అత్తకు తెల్వదు, అమ్మకు తెల్వదు. ఈడ తలకు గుడ్డ కట్టుకుంటె ఎవ్వలడుగరు. ఆడ బొట్టు పెట్ట వచ్చినోళ్లంత అడుగుతరు."

"పిచ్చిదానా, మరి వైద్యం?"

"మోకాళ్ల నొప్పులని చెప్పి హైదరాబాద్ పోయొస్త."

నాకు ఒళ్ళు మండింది. "ప్రాణం మీదికి తెచ్చుకుంటావుటే? ఒక్కరికైనా చెప్పు!" అని కసిరాను. "చూస్త" అని చాయ్ పెట్టడానికి లేచింది. ఇండియా నంబరు అడిగితే మాట మార్చింది. నేను బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ ఇంట్ల ఫోన్ అందరి చేతులల్ల తిరుగుతది. నన్ను గ్రూపుల నుంచి తీసెయ్యి. నేనే బయటికి పోదామంటె నాకు చేతులొస్తలేవు."

సాయంత్రం రైలెక్కాను. ధైర్యం చెప్పాలని అంత దూరం వెళ్ళి తిట్టి వస్తున్నాను, ఛీ! చీకటి పడేదాకా ఫోన్ ముట్టుకోలేదు. ఆమె విమానం ఎక్కే వేళకి ఆ పేరు మీద వేలు పెట్టి తీసేశాను.

వెంటనే వాయిస్‌లు మొదలయ్యాయి. "శిరీషకి ఏమైంది? ఎందుకు తీసేశావు?" ఇంటికి వెళ్ళిందని రాశాను. రియాద్ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. జబ్బు దాచుకోనక్కర్లేని ఒక్క ఇంట్లోంచీ ఆమెని నేనే వెళ్ళగొట్టాను.